మామగారు అంటించిన చీటీ

కుట్టుమిషను పలకను పక్కకు జరిపి, కోడలు ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క నూనె వేస్తోంది. రోజూ పొద్దున్నే చేసే పనే. నూనె వేశాక చక్రాన్ని చేత్తో నాలుగు చుట్లు తిప్పుతుంది. పాత గుడ్డ మీద పది కుట్లు వేసి, మరక పడటం లేదని చూసుకుంటుంది. ఆ తర్వాతే కొత్త బట్ట ముట్టుకుంటుంది.

ఆ గదికి సందులోకి వేరే తలుపుంది. కొలతలకు వచ్చే ఆడవాళ్ళు ఆ తలుపునే వస్తారు, ఆ తలుపునే వెళ్తారు. లోపల ఒక నిలువుటద్దం, రెండు కుర్చీలు, ఒక దళసరి పరదా. ఇంట్లోవాళ్ళు ఆమె కుట్టేవాటిని "ఆస్పత్రి ఆర్డర్లు" అంటారు. అంతకు మించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మాట తక్కువ మనిషి కాబట్టి అదేమీ వింతగా తోచలేదు ఎవరికీ.

అవి రొమ్ముకు ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు వేసుకునే లోబట్టలు. ఒక పక్క ఖాళీని బయటికి తెలియనివ్వకుండా, మచ్చ మీద కుట్టు ఒరుసుకోకుండా కుట్టాలి. వట్టి అంకెలతో అయ్యే పని కాదది. మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడాలి. అందుకని ఆమె టేపు పట్టి ఫొటోలు తీసుకుంటుంది. దూరం వాళ్ళు తామే తీసి పంపుతారు. ఇరవై ఆరుగురి ఫొటోలు, పేర్లతో సహా, ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. వాళ్ళలో ఈ వీధిలోనే నాలుగో ఇంట్లో ఉండే లైబ్రరీ ఆవిడ కూడా ఒకరు. ఆవిడ తన కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు. మొదటిసారి పరదా వెనక నిలబడి, "ఇది ఈ గది దాటదు కదా?" అని అడిగింది. "ఈ గోడలకి కూడా తెలియదండీ" అంది కోడలు.

నూనె డబ్బా మూత బిగించి, ఆ రోజు కుట్టాల్సిన కొలతల కోసం బీరువా తెరిచింది. ల్యాప్‌టాప్ లేదు. దాని ఛార్జరూ లేదు.

ముందుగదిలో మామగారు పేపరు మడతపెట్టి ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు.

"వెతుక్కుంటున్నావా తల్లీ? నిన్న సాయంత్రం నువ్వు ఆస్పత్రికి వెళ్ళినప్పుడు నేనే షాపులో ఇచ్చొచ్చాను. తెర మిణుకుమిణుకుమంటోందని నాలుగు రోజులుగా అవస్థ పడుతున్నావుగా. పొద్దున చెబుదామని ఊరుకున్నాను" అన్నారు, పిల్లలకి తాయిలం దాచి తెచ్చినవాడిలా.

ఆమె గుమ్మంలోనే ఆగింది. గొంతు పెంచకుండానే అడిగింది. "పాస్‌వర్డు అడిగారా మామయ్యా?"

"అడిగేదాకా ఎందుకు ఉంచుతాను? చీటీ మీద రాసి పైన అంటించాను."

మామగారు పోస్టాఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లోంచి ఏ వస్తువు గడప దాటినా దానికి చీటీ అంటించాల్సిందే. వస్తువుకి నోరుండదు, మనమే చెప్పాలి అంటారు. మిక్సీ రిపేరుకి వెళ్తే, "ఎడమకి తిప్పితే కుడికి తిరుగును" అని రాశారు. అత్తగారిని ఆస్పత్రిలో చేర్చిన రోజు ఆవిడ మణికట్టుకి కూడా ఒకటి కట్టారు. "చెవి కొంచెం దూరం. కోపం దగ్గర." అది చదివి నర్సులు వారం రోజులు నవ్వుకున్నారు.

ఆ పాస్‌వర్డు ఆయనకి చెప్పిందీ ఆమే. మధ్యాహ్నం కునుకు పట్టనప్పుడు చదరంగం ఆడుకుంటారని. తెర పాడయ్యాక మాత్రం తను జాగ్రత్తగానే ఆలోచించుకుంది. తనే తీసుకెళ్ళాలి, పాస్‌వర్డు ఇవ్వకూడదు, లోపలి డిస్కు తన ఎదుటే తీయించి ఇంటికి తెచ్చుకోవాలి, ఉత్త పెట్టెనే అక్కడ వదలాలి. షాపువాడికి చెప్పాల్సిన మాటలు మూడు ఒక కాగితం మీద రాసి కొలతల పుస్తకంలో పెట్టుకుంది కూడా. నోరు తెరిచి ఇంట్లోవాళ్ళకి ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

రసీదు తీసుకుని షాపుకి ఫోను చేసింది. షాపాయన మంచిగానే మాట్లాడాడు. పది గంటలకి ఆ ల్యాప్‌టాప్ వంతు వస్తుందన్నాడు. తెర మార్చే ముందు లోపలున్నదంతా తన దగ్గర కాపీ తీసి పెట్టుకుంటానని, అది తమ పద్ధతని, ఫొటోలు సరిగ్గా వచ్చాయో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూస్తానని ధీమాగా చెప్పాడు. వద్దు, ముట్టుకోకండి, వెనక్కి తీసుకుంటాను అందామె. రసీదు మీద సంతకం పెట్టినవాళ్ళు వచ్చి అడిగితేనే పని ఆపుతాను, వస్తువు ఇస్తాను అన్నాడు. ఫోన్లో గొంతు విని ఎవరి వస్తువో ఎవరికో ఇచ్చేస్తే రేపు మీరే నన్ను తిడతారమ్మా అన్నాడు. అదీ నిజమే.

గోడ గడియారం తొమ్మిది దాటింది. సంతకం మామగారిది.

"మామయ్యా, ఒక్కసారి వెళ్ళి దాన్ని వెనక్కి తెచ్చేయాలి. పది లోపల."

ఆయన మొహం చిన్నబోయింది. ఇంటి పనికి అక్కరకొచ్చానన్న సంతోషం పొద్దు ఎక్కకుండానే పోయింది. ఆ షాపాయన నిన్న తనకి కుర్చీ వేసి కూర్చోబెట్టాడని, ఇంత వివరంగా రాసిచ్చేవాళ్ళు ఉండరని మెచ్చుకున్నాడని, ఇప్పుడు వెళ్ళి నీ మీద నమ్మకం లేదు అని ఎలా అంటానని వాదనకి దిగారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తన చేతిమీదుగా ఒక్క పోస్టుకార్డు దారి తప్పలేదని కూడా గుర్తు చేశారు.

లోపల బట్టలు మడతపెడుతున్న అత్తగారు, లిఫ్టుల కంపెనీకి బయల్దేరబోతూ సంచి సర్దుకుంటున్న భర్త, ఇద్దరూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సంగతి విని భర్త తేలిగ్గా నవ్వేశాడు. కొలతలే కదా, ఎవరి నడుము ఎంతో తెలుసుకుని ఆ షాపువాడు ఏం చేసుకుంటాడు అన్నాడు. ఆమె నవ్వలేదు.

"కొలతలు ఒక్కటే కాదు" అంది.

"మరింకేం ఉన్నాయి?"

ఆమె గడియారం వైపు చూసింది. నవ్వు భర్త మొహం మీదే ఆరిపోయింది.

"అడుగుతున్నాను కదా. నా దగ్గర కూడా దాచాల్సింది నీ దగ్గర ఏముంది?"

"దాచింది నాది కాదండీ. నాదైతే ఈపాటికి చెప్పేసేదాన్ని."

"ఎవరిదో చెప్పు. చెబితే నేనే వెళ్ళి ఆ షాపువాణ్ణి బతిమాలో బెదిరించో తెస్తాను. కారణం తెలియకుండా నాన్నని ఎండలో ఎందుకు పంపాలి?"

చెప్పడం ఎంతసేపు. ఒక్క వాక్యం. కానీ ఆస్పత్రి ఆర్డర్లంటే ఏమిటో ఈ ముగ్గురికీ తెలిసిన క్షణం నుంచి, సందు తలుపు తట్టే ప్రతి ఆడమనిషి జబ్బూ ఈ ఇంటికి తెలిసిపోతుంది. రేపు లైబ్రరీ ఆవిడ వచ్చి, "ఏం పిన్నిగారూ, బాగున్నారా?" అంటే అత్తగారి చూపు ముందు ఎక్కడ పడుతుందో ఆమె ఊహించుకోగలదు. అత్తగారు చెడ్డ మనిషి కాదు. కానీ జాలి ఆగదు ఆవిడ దగ్గర, కళ్ళలోంచి కారిపోతుంది. అలాంటి చూపు తప్పించుకోవడానికే కదా ఆ ఆడవాళ్ళు ఇంత కష్టపడి ఆ బట్టలు కుట్టించుకునేది.

"చెప్పలేను" అంది కోడలు. "మీకు కోపం వస్తే రానివ్వండి. సాయంత్రం దాకా మాట్లాడకపోయినా పర్వాలేదు. కానీ అది మాత్రం పది లోపల ఇంటికి రావాలి."

"విన్నావా అమ్మా? నేను పరాయివాణ్ణట" అన్నాడు భర్త తల్లితో.

"నాకు సగమే వినబడింది. ఆ సగానికే నీ తప్పు కనబడుతోంది" అంది అత్తగారు, చేతిలో దిండు గలీబు మడత తప్పకుండా. "ఈ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇది కావాలని ఎప్పుడైనా పట్టుబట్టిందా ఆ పిల్ల? ఇవాళ పడుతోందంటే ఏదో ఉండే ఉంటుంది."

"ఉంటే నాకు చెప్పచ్చుగా, నేనే కదా తీసుకెళ్ళింది" అన్నారు మామగారు. ఆయన గొంతులో కోపం కంటే నొచ్చుకోవడమే ఎక్కువ వినబడింది. "ఏదో తప్పు చేసినవాడిలా నన్ను నిలబెట్టారు."

కోడలు వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

"తప్పు నాదే మామయ్యా. ఒక ఇంట్లో ఉన్నామని అందరం ఒకే బీరువా వాడుకోం. మీ చదరంగానికి దాంట్లో వేరే అర పెట్టి, వేరే తాళం ఇవ్వాల్సింది నేను. నా తాళమే మీ చేతికిచ్చేశాను. దాని లోపల ఏముందో మీకు తెలియదు కాబట్టి మీరు మంచికే పోయారు."

ఆయన పేపరు పక్కన పెట్టారు. కాస్త మెత్తబడ్డారు.

"ఒకటి అడుగుతాను. మీరు పంచిన ఉత్తరాల్లో ఏం రాసుందో మీకు తెలిసేదా?"

"ఎలా తెలుస్తుంది? కవర్లు అంటించి ఉంటాయిగా."

"అంటించకుండా డబ్బాలో పడేసినవీ ఉంటాయిగా మరి?"

"ఉండేవి. రోజుకి ఒకటో రెండో." ఆ మాటతో ఆయన నడుము కొంచెం నిటారైంది. "వాటిని అలాగే పోనిచ్చేవాళ్ళం కాదు. బల్ల మీద జిగురు సీసా ఉండేది. కాగితం బయటికి లాగకుండా, తల అటు తిప్పుకుని, ముందు అంటించేవాళ్ళం. ఆ తర్వాతే సంచిలోకి. తోవలో పదిమంది చేతులు మారుతుంది కదా. పదిమందీ మంచివాళ్ళే కావచ్చు. అయినా సరే."

"ఎవరిదో, అందులో ఏముందో అడక్కుండానే అంటించేవాళ్ళా?"

"అడగడానికి మనమెవరం?"

అన్నాక ఆ మాట ఆయన చెవినే పడింది. కుర్చీ చేతిమీద ఆయన వేళ్ళు, కవరు మూత మీద జిగురు రాస్తున్నట్టు, ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిలాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు తెరిచి ఉన్న కవర్లు మూసిన మనిషి, నిన్న సాయంత్రం తన ఇంటి కవరు మూత తనే ఊడదీసి, ఎలా తెరవాలో చీటీ కూడా రాసి పెట్టి వచ్చాడు. ఆయన కళ్ళు తడిశాయి. తుడుచుకోలేదు.

భర్త సంచి కింద పెట్టాడు. భార్య వైపు చూశాడు కానీ ఏమీ అడగలేదు. అడగకపోవడం చేతకావడానికి అతనికి కాస్త సమయం పట్టింది. చివరికి బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "దింపేస్తాను నాన్నా, పదండి."

మామగారు తల అడ్డంగా ఊపారు. లేచి అటక కింద కొక్కేనికి తగిలించి ఉన్న పాత ఖాకీ సంచి దించారు. రిటైరైన రోజు నుంచి దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. కూరగాయలకి అడిగితే అత్తగారితో రెండు రోజులు మాట్లాడలేదు. దుమ్ము దులిపి, సంచి మూత బిళ్ళ పట్టుకుందో లేదో రెండుసార్లు లాగి చూశారు.

కోడలు కొలతల పుస్తకంలోంచి కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "డిస్కు మన చేతికిస్తే పెట్టె అక్కడే ఉంచండి, లేదంటే మొత్తం తెచ్చేయండి, మీ చీటీ మాత్రం పీకేయండి" అంది. కళ్ళజోడు సవరించుకుని చదివారు. మూడే వాక్యాలు. తెర మాత్రమే మార్చాలి. లోపలి డిస్కు మా ఎదుటే తీసి మా చేతికివ్వాలి. పాస్‌వర్డు ఇవ్వము. కింద ఇంకేమైనా ఉందేమోనని తిప్పి చూశారు. పేరు లేదు, కారణం లేదు. చీటీ అలాగే ఉండాలన్నట్టు ఆయన తల ఆడించారు.

దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా పైజేబులో, ఒకప్పుడు రిజిస్టరు ఉత్తరాల రసీదులు పెట్టుకునే చోట పెట్టుకున్నారు. షాపు రసీదు దాని వెనక పెట్టారు. గడియారం తొమ్మిదీ ముప్పావు చూపిస్తోంది. షాపు రెండు వీధుల అవతల. ఆ రెండు వీధుల్లో ఏ ఇంటి గేటు ఎటు తెరుచుకుంటుందో, ఏ కుక్క కరుస్తుందో ఆయనకి తెలుసు.

"గొడుగు తీసుకెళ్ళండి" అంది అత్తగారు. ఆయన వినిపించుకోలేదు. సంచిని ఎడమ భుజానికి తగిలించి, చెప్పులు వేసుకుని, గడప దాటారు. కోడలు కిటికీ దగ్గరికొచ్చి చూసేసరికి ఆయన అప్పుడే మలుపులో ఉన్నారు. నాలుగో ఇంటి ముందు నుంచి పోతూ, ఆ గుమ్మం వైపు తల తిప్పకుండా, డ్యూటీలో ఉన్న మనిషిలా చరచరా నడుస్తున్నారు.