గడీ గోడ మీది రాజులు, రాణులు

వెనక స్కార్పియో.

దాని లైట్లు అద్దంలో పడి తుల్సీరాం కళ్ళు చెదురుతున్నాయి... జీపు గుంతలో పడి ఎగిరింది.

పక్క సీట్లో చెల్లెలు నీలి. ఒళ్ళో పొడుగాటి రేకు గొట్టం.

జనగామ దాటారు. సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. కరెంటు లేదు. పొద్దుగూకిందో లేదో, ఊళ్ళన్నీ చీకటి.

ముందు చింతచెట్టు! రాస్తారోకోకి నరికి అడ్డంగా పడేశారు.

స్టీరింగ్ తిప్పాడు. జీపు పత్తిచేలోకి దిగి, మళ్ళీ రోడ్డెక్కింది.

"ఎవలన్నా వాళ్ళు?"

"వెంకట్రాం. బొమ్మల బ్రోకరు. బాపును సంపినోడు."

బాపు అంటే వాళ్ళ నాన్న భిక్షం. మహదేవపూర్ దగ్గర కోటలాంటి దొర గడీకి కాపలాదారు. మొన్న రాత్రి అతని గొంతు పిసికేశారు.

గోడ మీది బొమ్మల కోసం.

విక్టోరియా రాణి, రష్యా రాజు, ఇంకా ఎవరెవరో యూరప్ దొరలు. ఎప్పుడో నూటయాభై ఏళ్ళ కింద రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చేసినవి. గడ్డంలో ఒక్కో వెంట్రుకా ఒక్కో గీత. భిక్షం రోజూ ఆ పటాల అద్దాలు తుడిచేవాడు.

చంపినవాళ్ళకి ఖాళీ గోడ దొరికింది. ముసలాయన ముందే దాచేశాడు. ఎక్కడో నీలికే తెలుసు.

హైదరాబాద్‌లో ఉంటున్న గడీ దొరకి బొమ్మలు అప్పగిస్తా, జనగామకి జీపు తెమ్మని ఆమే అన్నకి ఫోన్ చేసింది. ఆ రోడ్డు బంద్, నర్సింహులపేట దగ్గర మన తండాకే పోదామన్నాడు తుల్సీరాం.

జీపు వాగు మీద బ్రిడ్జి దాటింది.

తుల్సీరాం హెడ్‌లైట్లు ఆర్పాడు. వెలిగించాడు. మళ్ళీ ఆర్పాడు...

వెంకట్రాం చెప్పిన చోటు ఇదే.

బ్రేక్!

"ఎందుకాపినవన్నా?"

గొట్టం లాక్కున్నాడు.

స్కార్పియో ఆగింది. వెంకట్రాం దిగాడు. చేతిలో పిస్టల్.

"మాట నిలబెట్టుకున్నవ్ తమ్మీ."

గొట్టం అందుకుని మూత తీశాడు.

ఖాళీ...

పిస్టల్ నీలి నుదుటికి ఆనింది.

"బొమ్మలు యాడ?"

నీలి అన్న వైపు చూసింది.

"నేను జనగామకు వస్తున్నట్టు నీకొక్కనికే చెప్పిన."

తుల్సీరాం చూపు తిప్పుకున్నాడు.

"చీకటి పడ్డంక బాపు ఎవలకూ తలుపు తియ్యడు. నీ గొంతు ఇంటేనే తీస్తడు. మొన్నటిసంది గదే అనుమానం."

"తలుపు తీయించిన, గంతే నీలీ. సంపుతరని తెల్వది..."

అబద్ధం. కొట్టుకుంటున్న ముసలాయన కాళ్ళు అదిమి పట్టింది తనే.

నీలి వెంకట్రాం వైపు తిరిగింది.

"బొమ్మలు యాడున్నయో చెప్త. ముందుగాల వీన్ని కాల్చు."

తుల్సీరాం నవ్వాడు.

వెంకట్రాం నవ్వలేదు...

పిస్టల్ నెమ్మదిగా నీలి నుదుటి మీంచి పక్కకి జరిగింది.

"సార్... జర ఆగుండ్రి సార్... నీలీ, చెప్పవే..."

నీలి కళ్ళు తిప్పుకోలేదు.

ఢాం!