పక్కకు కూసునే మనిషి

కూర్చుని చేసే పనికి ఆకలి వేయదని మొట్టమొదట చెప్పింది ఎవరు?

గద్వాలలో ఏ ఇంట్లో అడిగినా ఈ ప్రశ్నకు ఇంతవరకు జవాబు రాలేదు. శివశంకర్‌కైతే ఇలాంటి ప్రశ్న ఒకటి ఉందనే తెలియదు. ఆ సాయంత్రం అతడు కుస్తీ నేర్పే తాలీం నుంచి పరుగున ఇంటికి వచ్చాడు. మోకాళ్ల మీద గోదాలోని ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది. జేబులో కుస్తీవీరుల బొమ్మల కార్డులు ఉన్నాయి.

గడపలోనే నిలబడి చొక్కా చేయి మడిచి, మోచేయి వంచాడు. కండ వచ్చిందా అని తల్లిని అడిగాడు. సుగుణ పొయ్యి దగ్గర నుంచే చూసి, వచ్చిందని చెప్పింది. నిజానికి ఆ చేతిలో కండ కంటే ఎముకే ఎక్కువగా కనిపిస్తోంది.

శివశంకర్ ఏడో తరగతి. కిందటేడు వనపర్తిలో బడిపిల్లల కుస్తీ పోటీలు జరిగినప్పుడు, పాన్‌గల్ నుంచి వచ్చిన కురుమూర్తి అతడిని గడ్డిమోపులా ఎత్తి నేల మీద వేశాడు. వీపు మట్టికి ఆనింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఈ ఏడు ఎలాగైనా కురుమూర్తిని పడగొట్టాలన్నదే శివశంకర్ కోరిక. అందుకు కండ కావాలి.

తాలీంలో కుస్తీ నేర్పే తిమ్మప్పను పిల్లలంతా వస్తాద్ అని పిలిచేవారు. ఆయన రాయచూరు వైపు మనిషి. దండీలు, బస్కీలు తీయించాక పిల్లలను గోదా గట్టు మీద కూర్చోబెట్టి ఆయన ఒకే మాట చెప్పేవాడు.

"కండ గోదాల పుట్టదు బిడ్డా. గోదాల మనం చేసేది పని. పనికి సరిపోను తినాలె, మంచిగ పండుకోవాలె. గప్పుడు పుడ్తది."

కుస్తీ పట్టేవాడి తిండికి తాలీంలో ఖురాక్ అని పేరు. గుడ్లు, పాలు, పల్లీలు, నానబెట్టిన శనగలు. ఖురాక్ లేకుండా బస్కీలే ఎక్కువ తీస్తే చాలదా అని ఒక పిల్లవాడు అడిగాడు. అలా చేస్తే కొత్త కండ రాదని, ఒళ్లు ఉన్న కండనే తింటుందని వస్తాద్ చెప్పాడు. ఒంటికి నోరెక్కడుంటుందని పిల్లలు నవ్వారు. శివశంకర్ కూడా నవ్వాడు.

ఆ నెల నుంచి సుగుణ గుడ్లు తేవడం మొదలుపెట్టింది. పూటకు రెండు ఉడకబెట్టేది. ఒకటి కొడుకు కంచంలో, ఒకటి కూతురు భవ్యశ్రీ కంచంలో వేసేది. భవ్యశ్రీ పదో తరగతి. బడికి వెళ్లే ముందూ, వచ్చిన తరువాతా తండ్రి బాలకిష్టయ్యతో పాటు మగ్గం దగ్గరే ఉండేది.

ఆ ఇంట్లో ఆమె పనికి ఉన్న పేరు "పక్కకు కూసునుడు".

ఆ పని ఏమిటో చెప్పాలి. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. నేసే ప్రతి వరుసలోనూ నూలు పోగును, పట్టు పోగును ఒకదానికొకటి మెలిపెట్టి కలపాలి. ఒక మనిషి చేతులతో అది కాదు. నేతగాడు పోగును అటూ ఇటూ నడిపే నడిమి నాడె విసురుతుంటే, పక్కన ఇంకొకరు నడుము వంచి, కన్నార్పకుండా చూస్తూ అంచు నాడె అందించాలి. ఒక్క పోగు తప్పితే అంచు విడిపోతుంది. పక్క మనిషి లేస్తే మగ్గం ఆగుతుంది. ఇంత పనికి ఆ ఇంటివాళ్లు పెట్టిన పేరులో మాత్రం పని అన్న మాటే లేదు.

శివశంకర్ ఆ పేరునే నమ్మాడు. తప్పు అక్కడ జరిగింది.

ఒకనాడు అందరూ తినడానికి కూర్చున్నారు. తనకు ఒక గుడ్డు సరిపోవడం లేదని శివశంకర్ అన్నాడు. ఇంకొకటి ఎక్కడిదని తల్లి అడిగింది. అతడు అక్క కంచం వైపు చూశాడు.

"అక్క పక్కకు కూసునుడే కదా. కూసునేటోళ్లకు ఖురాక్ ఎందుకు?"

బాలకిష్టయ్య రొట్టె తుంచుకుంటూ తల ఎత్తలేదు. సుగుణ పప్పు గిన్నెలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది. భవ్యశ్రీ నవ్వి, గుడ్డును తమ్ముడి కంచంలోకి జరిపింది.

"తిను తమ్మీ. నాకు గుడ్డు వాసన పడదు."

ఆ మాట ఆమె అంతకుముందు ఎన్నడూ అనలేదు. ఆ సంగతి అక్కడ కూర్చున్న ముగ్గురికీ తెలుసు. శివశంకర్ ఆ గుడ్డు తినేశాడు.

తరువాత పాలు కూడా అలాగే అతడి వైపు జరిగాయి. పల్లీలు డబ్బాలోకి పోయి, ఆ డబ్బా శివశంకర్‌ది అయింది. కండకు నిద్ర కావాలని వస్తాద్ చెప్పాడు కదా, లైటు వెలుగుతుంటే తనకు నిద్ర పట్టడం లేదని అతడు అలిగాడు. భవ్యశ్రీ పుస్తకాలు తీసుకుని ఇంటి వెనుక సందులోకి పోయి, అక్కడి బల్బు కింద చదువుకోవడం మొదలుపెట్టింది. నాలుగు మెతుకులు తక్కువైనా సర్దుకునేది. ఆకలిగా ఉందా అని అడిగితే లేదనేది. ఆడపిల్ల లేదంటే ఇంట్లో అందరూ ఎంత తొందరగా నమ్ముతారో చెప్పలేం.

శివశంకర్ చేతులు మాత్రం గట్టిపడ్డాయి. మెడ మందమైంది. చొక్కా భుజాల దగ్గర పట్టేసింది. అతడు వారం వారం నూలు పోగుతో దండచేయి చుట్టూ కొలుచుకునేవాడు. పోగు చాలకపోతే ఎగిరి గంతేసేవాడు.

చలికాలంలో మళ్లీ వనపర్తిలో పోటీలు జరిగాయి. కురుమూర్తి ఈసారి కూడా ఎత్తబోయాడు. శివశంకర్ కాళ్లు నేలలో నాటినట్టు నిలిచాయి. అతడు పక్కకు తిరిగి, నడుము పట్టి, కురుమూర్తిని వెల్లకిలా వేశాడు. కప్పు పట్టుకుని బస్సు దిగి ఇంటికి వచ్చాడు. భవ్యశ్రీ మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి ఆ కప్పును చున్నీతో తుడిచి గూట్లో పెట్టింది. లేచేటప్పుడు ఆమె గోడ పట్టుకుంది. శివశంకర్ చూశాడు. ఎందుకని అడగలేదు.

మార్చిలో పదో తరగతి పరీక్షలు వచ్చాయి. లెక్కల రెండో పేపరు నాడు భవ్యశ్రీ సగం లెక్కలు చేసి, బెంచీ మీద నుంచి పక్కకు ఒరిగి కింద పడిపోయింది. నీళ్లు చల్లితే కళ్లు తెరిచింది కానీ కూర్చోలేకపోయింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. కబురు అందగానే సుగుణ పరుగెత్తింది. శివశంకర్ కూడా ఆమె వెంట పోయాడు.

నర్సమ్మ బీపీ చూడడానికి భవ్యశ్రీ దండచేతికి పట్టీ చుట్టింది. అది వదులుగా జారింది. చిన్నపిల్లల పట్టీ తెమ్మని ఇంకొకరికి చెప్పింది. తరువాత భవ్యశ్రీ కింది కనురెప్పను వేలితో లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండవలసిన చోటు తెల్లగా ఉంది. పిల్ల ఒంట్లో రక్తం లేదని, ఏం తింటుందని అడిగింది. సుగుణ కూతురి దుప్పటి సర్దింది. నర్సమ్మ మళ్లీ అడిగింది.

"ఇంట్ల ఏం పని చేస్తది?"

"పనేం లేదమ్మా. మగ్గం కాడ పక్కకు కూసుంటది."

సుగుణ అలవాటు కొద్దీ అన్నది. అన్న తరువాత ఆమె కూతురి చేయి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

శివశంకర్ మంచం చివర నిలబడి ఉన్నాడు. దుప్పటి బయట ఉన్న అక్క చేయి చూశాడు. మోచేయి పైన కూడా కింద ఉన్నంత సన్నగానే ఉంది. తిండి లేకుండా పని చేస్తే ఒళ్లు ఉన్న కండనే తింటుందని వస్తాద్ చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. ఆ రోజు తాను నవ్వాడు. ఈసారి అతడికి నవ్వు రాలేదు. అతడు తన మడిచిన చొక్కా చేతిని మెల్లగా కిందికి దింపుకున్నాడు.

లెక్కల్లో భవ్యశ్రీ ఫెయిలయింది. ఎండాకాలంలో మళ్లీ పరీక్ష రాసే వీలుంది. కానీ గడువులోపల ఆమె వీధి చివరి దాకా కూడా నడవలేకపోయింది. పెళ్లిళ్ల కాలమని, ఒప్పుకున్న చీరలు ఉన్నాయని, వచ్చే ఏడు చూద్దామని బాలకిష్టయ్య అన్నాడు. భవ్యశ్రీ ఏడవలేదు. పుస్తకాలన్నీ ఒక పాత గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టమని తల్లికి ఇచ్చింది. గోదాలో పడినవాణ్ణి ఊరంతా చూస్తుంది. ఆ మూట అటక ఎక్కడం మాత్రం ఇంట్లోవాళ్లే చూశారు.

భవ్యశ్రీకి కూర్చునే ఓపిక కూడా లేదు; పక్క మనిషి లేక మగ్గం ఆగింది. సెలవులే కాబట్టి తాను కూర్చుంటానని శివశంకర్ అన్నాడు. తన చేతులకు ఇదొక లెక్కా అనుకున్నాడు.

మొదట అంచు నాడె చేతిలో నిలవలేదు. పట్టు పోగు రెండుసార్లు తెగింది. తండ్రి తిట్టకుండా ముడి వేసి, మళ్లీ చేయమన్నాడు. కొంతసేపటికి నడుము మండింది. మెడ బిగుసుకుంది. భుజంలో నొప్పి మొదలై వేళ్ల దాకా దిగింది. కళ్లు పక్కకు తిప్పితే పోగు తప్పుతుంది. లేవబోతే తండ్రి నాడె గాలిలో ఆగిపోతుంది. బస్కీలు తీసేటప్పుడు వస్తాద్ నడుమ ఆపి ఊపిరి పీల్చుకోమనేవాడు. ఇక్కడ ఆపేవాళ్లు లేరు.

ఎండ వాకిట్లోకి రాకముందే అతడి కడుపులో గోదా దిగినప్పటి కంటే ఎక్కువ ఆకలి మొదలైంది.

"నాయినా, ఆకలైతుంది. జర ఆగుదామా?"

బాలకిష్టయ్య చేతులు ఆగాయి. ఆయన నేసిన బట్ట వైపు చూశాడు.

"మీ అక్క ఎన్నడూ అడగలే" అన్నాడు.

అంతే అన్నాడు. లేచి వాకిట్లోకి పోయి ముఖం కడుక్కున్నాడు. శివశంకర్ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. అతడు కూర్చున్న చోట చెక్క నున్నగా అరిగి ఉంది. ఎన్ని పొద్దులు కూర్చుంటే చెక్క అలా అరుగుతుందో అతడికి తెలియదు.

భోజనాల వేళ సుగుణ ఎప్పటిలాగే ముందుగా కొడుకు కంచం తీసింది. శివశంకర్ తల్లి చేతిలోంచి గరిటె అందుకున్నాడు. గోడకు ఆనుకుని కూర్చున్న అక్క ముందు కంచం పెట్టాడు. రొట్టె, గట్టి పప్పు, గిన్నె అడుగున ఉన్న పెరుగు మీగడతో సహా వడ్డించాడు. నీకు వద్దా అని భవ్యశ్రీ అడిగింది. ఆమె తిన్నాక తింటానన్నాడు. సెలవులు అయిపోయాక కూడా బడి విడిచి వచ్చి పక్కకు తానే కూర్చుంటానని, అటక మీది మూట దింపుతానని చెప్పాడు.

"మరి తాలీం?"

"పొద్దున ఒక్కపూట పోత. వస్తాద్‌కు చెప్త."

"నీ కండ పోతది తమ్మీ."

"పోతె పోనీ అక్కా. మళ్ల వస్తది."

పోయిన తన ఏడాది కూడా అలా మళ్లీ వస్తుందా అని భవ్యశ్రీ అడగలేదు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నమలడానికి కూడా ఆమెకు అలసటగానే ఉంది. ఆమె కంచం ఖాళీ అయ్యేవరకు శివశంకర్ గరిటె కింద పెట్టలేదు.

చదివిన పిల్లలూ, ఈ పూట మీరు తినడం అయిపోగానే చేయి కడుక్కుని పోకండి. మీ ఇంట్లో అందరికంటే చివర తినే మనిషి ఎవరో, ఆ మనిషి కంచంలో ఏం మిగిలిందో దగ్గరికి పోయి చూడండి. తక్కువగా ఉంటే మీ వంతు తెచ్చి పెట్టండి. ఆకలి లేదంటే నమ్మకండి.