మిర్యాలగూడలో ఖాళీ వ్యాగన్

"టార్గెట్ కోదాడ. హైవే మీద క్లోరిన్ లారీ పేలుస్తరట. మనీషా ఇచ్చిన సమాచారం," అన్నాడు చీఫ్ జగదీశ్, మునగాల ధాబాలో పరోటా తుంచుతూ.

ఏజెంట్ గోవర్ధన్‌కు నవ్వొచ్చింది. విదేశీ ముఠాలో ఉంటూనే మన మనిషినని చెప్పుకునే మనీషా కనిపిస్తే చాలు, డిపార్ట్‌మెంటంతా నోరు తెరుచుకుంటుంది. అతనికి మాత్రం ఆమె మీద రవ్వంత నమ్మకం లేదు.

"టీమంతా కోదాడకు పోనీ సార్. నేను మిర్యాలగూడ పోత. గాడ రైలు ప్రమాదం మీద మాక్ డ్రిల్. దానికి కన్సల్టెంట్ ఆ మనీషానే."

"పోయి ఏం చేస్తవ్?"

"శవమైత."

గూడ్స్ యార్డులో, మొహానికి ఎర్ర రంగు పూసుకుని గోవర్ధన్ పట్టాల పక్కన పడుకున్నాడు. రైలు పట్టాలు తప్పి ట్యాంకర్ వ్యాగన్ నుంచి క్లోరిన్ లీకైతే ఏం చేయాలన్నది డ్రిల్. వ్యాగన్ ఖాళీదన్నారు, వచ్చేది ఉత్తుత్తి పొగ. గాలి వ్యాగన్ మీదుగా సరిగ్గా షామియానా వైపు వీస్తోంది. బడిపిల్లలను తెచ్చి అక్కడే కూర్చోబెట్టారు. ఇదేం తెలివని ఒక్క అధికారీ అడగలేదు. ఫొటోల కోసం హెల్మెట్లు సర్దుకోవడంతోనే వాళ్లకు సరిపోయింది.

పడుకున్న చోటు నుంచి వ్యాగన్ స్ప్రింగులు కనిపించాయి. బరువుకు పూర్తిగా అణిగి ఉన్నాయి.

ట్యాంకు నిండుగా ఉంది.

తల తిప్పాడు. గాలికి ఎదురుగా దూరం వెళ్లిన మనీషా అసలైన గ్యాస్ మాస్క్ తగిలించుకుంటోంది. చేతిలో రిమోట్.

గోవర్ధన్ లేచాడు. "డ్రిల్ గాదు, నిజం గ్యాస్. గాలికి అడ్డంగా ఉరుకుండ్రి."

"శవాలు లేవొద్దు," మైకులో పెద్దాఫీసరు కసిరాడు.

ఫైర్‌మన్ బీరయ్య దగ్గరికొచ్చాడు. "నిజమేనా సారూ?"

"నిజమే. నీ ఆక్సిజన్ సెట్టియ్యి. పిల్లలను జల్ది పక్కకు తోలు."

సెట్టు తగిలించుకుని, లీకు మూసే ఇనుప టోపీ పట్టుకుని గోవర్ధన్ నిచ్చెనెక్కాడు. వాల్వ్‌కు చిన్న మోటారు బిగించి ఉంది. దాన్ని పీకేలోపే మనీషా రిమోట్ నొక్కింది, మోటారు లైటు ఎర్రబడింది. బుస్సుమంటూ పచ్చటి గ్యాస్ ఎగదన్నింది. చేతులు భగ్గుమన్నాయి. టోపీ బోర్లించి బోల్టు తిప్పాడు, మళ్లీ తిప్పాడు. కిందికి జారిన గ్యాస్ షామియానా చేరేసరికి బీరయ్య చివరి పిల్లను చంకనెత్తుకుని బయటపడ్డాడు. బుస ఆగింది.

మనీషా కారు గేటు దాటలేకపోయింది. అధికారుల వాహనాలు దారికి అడ్డంగా నిలిపి ఉన్నాయి. ఆ రోజు వాళ్లు దేశానికి చేసిన సేవ అదొక్కటే.

"నేను మీ మనిషినే గోవర్ధన్," అంది, పోలీసులు సంకెళ్లు వేస్తుంటే.

"మా చీఫ్ ఇంకా గట్లనే అనుకుంటున్నడు. ఆయనకే చెప్పుకో."

ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పెద్దాఫీసరు వచ్చాడు. వెనకాలే కెమెరా.

"పని బాగనే చేసినవ్. ఫొటో రాలే. జర మళ్లోసారి ఎక్కుతవా?"