మాట పలికేలోపు

ఆమె అతణ్ణి మొదటిసారి చూడవచ్చింది పోట్లాడడానికే. గొంతు ఆపరేషన్‌తో మాట పోయిన తండ్రి కోసం అతని దుకాణంలో ఒక పరికరం చేయించుకున్నది. అరచేతిలో ఇమిడే లినక్స్ కంప్యూటర్ అది. టైపు చేసినదాన్ని పైకి చదివి వినిపిస్తుంది. కాని మధ్యాహ్నానికే బ్యాటరీ ఖాళీ అయ్యేది.

"మా నాన్నకు మీరిచ్చింది గొంతా, ఒంటిపూట బడా?" అని నిలదీసింది.

అతడు సిగ్గుపడి, పవర్‌సేవ్ పెట్టి ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించాడు. మాట ఆలస్యమైనా బ్యాటరీ రాత్రిదాకా నిలిచింది. అటుపైన పరికరం పేరు చెప్పుకొని ఇద్దరూ తరచు కలుసుకున్నారు.

ఇప్పుడతడు ఆ తండ్రి ఎదుట నిలబడి ఉన్నాడు, పక్కనే ఆమె. ఆయన విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. కూర్చోమని ఇంకా సైగ చేయలేదు. బయట వాన. కరెంటు పోయి చాలాసేపయింది. అతడు పెళ్లి మాట అడిగేశాడు. ఆయన ఏదో టైపు చేసి, మీట నొక్కి, తెరను గుండెకు ఆనించుకున్నారు. రాసింది చూపించడం ఆయనకు నామోషీ. తన మాట ఎవరైనా వినవలసిందే.

పరికరం పలకలేదు. ఇంత ఆలస్యమైతే జవాబు పెద్దదే అయి ఉండాలి. ఔననడానికి అంత పొడుగు జవాబు ఎవరు రాస్తారు?

"వేగం ఎంతుందో చూడండి," అన్నదామె మెల్లగా.

అతడు తన ఫోన్‌లోంచి పరికరంలోకి వెళ్లి చూశాడు. ప్రాసెసర్ అట్టడుగు వేగంలో పాకుతోంది. బ్యాటరీ రెండు శాతం. వేగం పెంచితే పలికేలోపే ఆరిపోవచ్చు. పెంచకపోతే ఆరిపోవడం ఖాయం. అలా ఆరిపోతేనే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. రేపటిదాకా ఆశ అయినా మిగులుతుంది.

"భయమేస్తోందా?"

"వేస్తోంది."

"నాకూ అంతే. అయినా పెంచండి. గొంతు ఇచ్చినవారే గొంతు నొక్కితే ఎలా?"

అతడు పవర్‌సేవ్ తీసేసి, వేగాన్ని పూర్తిగా పెంచాడు. ఆయన చొక్కా మీద తెర వెలుగు ఒకసారి మినుకుమంది.

"అల్లుడుగారూ," అన్నది పరికరం. అంతటితో ఆరిపోయింది.

ఆయన నల్లబడిన తెరను విసుగ్గా చూసి, వేలితో కుర్చీ చూపించారు. అతడు కూలబడ్డట్టు కూర్చున్నాడు.

"మిగతాది ఏమై ఉంటుంది?" అని ఆమెను గుసగుసగా అడిగాడు.

"చీవాట్లే అయి ఉంటాయి," అన్నదామె, కళ్లు తుడుచుకుంటూ. "పరాయివాళ్లను ఆయన తిట్టరు లెండి."