ఖాళీ గది కొలత

మధ్యాహ్నం రెండున్నరైనా ఆమె టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద ధ్వనిశాస్త్ర పత్రిక వాళ్ళ ఉత్తరం తెరిచి ఉంది. పేపరు బాగుంది, వేసుకుంటాం, ఒక్క సందేహం మాత్రం తీర్చండి అని దాని సారాంశం. పేపరు చదివిన పరిశీలకుడెవరో అడిగింది రెండే రెండు వాక్యాలు.

"ఖాళీ గదిలో తీశామన్న రికార్డింగులో ప్రతి నాలుగు సెకన్లకీ ఒక సన్నని చప్పుడుంది. అప్పుడు గదిలో ఎవరైనా ఉన్నారా?"

జవాబుకి గడువు ఆ సాయంత్రం ఆరు గంటలు.

ఉన్నారు. ఆమే ఉంది.

ఆ ప్రయోగశాలలో ఒక గది ఉంది. దాన్ని అందరూ మూగగది అంటారు. గోడలకీ కప్పుకీ మూరెడు పొడవు స్పాంజి ముక్కలు ముళ్ళలా పొడుచుకొచ్చి ఉంటాయి. మామూలు నేల ఉండదు. గాలిలో బిగించిన తీగల వల మీద నడవాలి. వల కింద మళ్ళీ స్పాంజి, చీకటి. అక్కడ మాట్లాడితే మాట తిరిగి రాదు. నోటి ముందే చచ్చిపోతుంది. ప్రయోగం మొదలుపెట్టేముందు ఆ గది నిశ్శబ్దం ఎంతో కొలవాలి. దీపం ఆర్పి, తలుపు బిగించి, బయట కూర్చుని కొలవాలి. లోపల పురుగు కూడా ఉండకూడదు.

ఆ రోజు గది చూసుకునే ముసలాయన సెలవులో ఉన్నాడు. బయటికొచ్చే తీగ తెగి ఉంది. రికార్డరు ఒళ్ళో పెట్టుకుని ఆమే లోపల ఒక మూల కూర్చుంది. పది నిమిషాలు మెల్లగా ఊపిరి పీల్చుకుంటూ పని కానిచ్చేసింది. పేపర్లో మాత్రం "ఖాళీ గది" అని రాసింది.

ఎందుకు రాసిందంటే ఏం చెబుతాం! మనిషి పనిని చూడకుండా అచ్చయిన పేపర్లు లెక్కపెట్టి అన్నం పెట్టే చోట ఇలాంటివే జరుగుతాయి. నెలాఖరులోగా ఇది ఖాయం కాకపోతే ఆమె కాంట్రాక్టు ముగిసినట్టే. పదకొండేళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే. అలాగని అబద్ధం నిజమైపోదు. అది ఆమెకీ తెలుసు. అందుకే అన్నం సహించలేదు.

ఫోను మోగింది. ఇంటి నుంచి అక్క.

"ఏమే, తిన్నావా?"

"తింటానక్కా. గొంతు దిగట్లేదు."

"నిశ్శబ్దం మీద పదకొండేళ్ళు కష్టపడ్డావు. ఇంట్లో నోరు మూసుకోవడం మాత్రం రాలేదు నీకు. ఇవాళ తేలిపోతుందా?"

"ఆరింటికి."

"తేలకపోతే మాత్రం కొంప మునిగిందా? ఇద్దరం ఉన్నాం కదే. ముందు నాలుగు ముద్దలు తిను."

ఆమె తినలేదు. లేచి మూగగది వైపు నడిచింది. కొలత ఈసారి పద్ధతిగా మళ్ళీ తీసి పంపుదామని.

ముసలాయన బల్ల దగ్గర తీగలు చుట్టుకుంటున్నాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. సంగతంతా దాచకుండా చెప్పేసింది.

"ఆ మాత్రానికి మొహం అలా వేలాడేశావేంటమ్మాయ్? తెగిన తీగ ఎప్పుడో అతికించేశాను. పది నిమిషాల పని. రా."

దీపం ఆర్పారు. జానెడు మందం తలుపు బిగించారు. ఇద్దరూ బయట కూర్చుని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు.

మొదట ఏమీ లేదు. నూతిలోకి తొంగి చూస్తున్నట్టుంది. ఆ తర్వాత...

ఒక ఊపిరి.

ఆమె బాబాయ్ వైపు చూసింది. ఆయన తీగ చుట్టడం ఆపేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ ఊపిరి. ముక్కుతో పీల్చి నోటితో మెల్లగా వదులుతున్నట్టు.

"ఎక్కడో గాలి దూరుతోంది బాబాయ్," అంది.

"నలభై ఏళ్ళ కిందట ఈ గది కట్టినప్పుడు స్పాంజి అంటించినవాణ్ణి నేను. గాలి దూరే సందు లేదమ్మా."

"నేను లోపలికెళ్ళి చూస్తాను."

"దీపం వేసుకుని వెళ్ళు."

దీపం వేసుకునే వెళ్ళింది. నాలుగు మూలలూ చెయ్యి పెట్టి చూసింది. ఎక్కడా గాలి లేదు. పాత రబ్బరు వాసన. దానిలో కలిసి ఇంకేదో... తడిబట్ట ఆరక ముక్కినట్టు. దీపం గుయ్యిమంటోంది. ఆ గుయ్యిలో ఏదీ తెలియట్లేదు. మైకు ముందుకెళ్ళి, "బాబాయ్, ఒక్క నిమిషం దీపం ఆర్పు," అంది.

చీకటి పడింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

తన రక్తం తన చెవుల్లో ఉరకడం వినిపించింది. గుండె చప్పుడు వినిపించింది. మింగిన ఉమ్మి గొంతులో దిగడం వినిపించింది. ఆ గదిలో ఎవరికైనా అంతే. భయపడాల్సిందేం లేదు. ఊపిరి బిగబట్టింది.

ఊపిరి ఆగలేదు.

ఆమె బిగబట్టే ఉంది. పెదాలు గట్టిగా మూసే ఉన్నాయి. ఊపిరి వస్తూనే ఉంది... ఎడమపక్క నుంచి.

తర్వాత అదీ ఆగిపోయింది. ఆమె వింటోందని తెలిసినట్టు.

కాలి కింద తీగల వల కాస్త దిగింది. పక్కన ఎవరో అడుగు వేస్తే దిగినట్టు. మళ్ళీ కాస్త దిగింది. ఇంకాస్త దగ్గరగా.

"బాబాయ్... నువ్వేనా?"

ఆమె తలుపుకేసి తడుముకుంటూ పరిగెత్తింది. మోచెయ్యి గీరుకుపోయింది. తలుపు తోసుకుని వెలుతురులోకి వచ్చి పడింది.

బాబాయ్ బల్ల దగ్గరే ఉన్నాడు. హెడ్‌ఫోన్లు చేతిలో ఉన్నాయి.

"నువ్వేనా అని రెండుసార్లు ఎందుకన్నావమ్మా?"

"ఒక్కసారే అన్నాను."

"రెండుసార్లు వినిపించింది. రెండోదీ నీ గొంతే. కానీ దూరం నుంచి... కొండకి కొట్టుకుని తిరిగొచ్చినట్టు."

"ఎంతసేపటికి?"

ఆయన తెర వైపు వేలు చూపించాడు. నాలుగు సెకన్లు.

ఆమె మనసు దానంతటదే లెక్క వేసింది. మాట వెళ్ళి నాలుగు సెకన్లకి తిరిగి రావాలంటే గోడ దాదాపు ఏడువందల మీటర్ల దూరంలో ఉండాలి. ఆ గది పట్టుమని పదిహేనడుగులు లేదు.

నాలుగున్నరైంది. విభాగం పెద్దసారుకి ఫోను చేసి చెప్పింది. ఆయన నవ్వాడు.

"నీకు నిద్ర చాలట్లేదు. ఆ ఊపిరి ముక్కలు కోసేసి, మిగతాది అతికించి పంపెయ్. అడిగేవాడెవడు? నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదే ఉంది, గుర్తుందిగా?"

గుర్తు లేకపోవడమేం! కోయడం అయిదు నిమిషాల పని. వేలు మీట మీద పెట్టింది కూడా. ఒకసారి చేసిన దానికే ఇవాళ ఇంత అయింది. ఇది కూడా మింగితే తనంటూ ఇంకేం మిగులుతుంది? వేలు తీసేసింది.

ఉన్నదున్నట్టు రాసింది. "మొదటి రికార్డింగులో నేనే గదిలో ఉన్నాను. ఖాళీ గది అన్నది అబద్ధం. క్షమించండి. రెండోసారి గది నిజంగా ఖాళీగా ఉంది. అయినా అందులో ఎవరో ఉన్నారు. ఎవరో నాకు తెలియదు. రెండూ జతచేస్తున్నాను."

అయిదూ నలభైకి పంపించింది. ఉద్యోగం పోతే పోయింది. ఎన్నో నెలల తర్వాత గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. బాబాయ్ మూగగదికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాడు.

"ఇంటికెళ్ళమ్మాయ్. అక్క ఎదురుచూస్తుంటుంది."

డబ్బా సంచిలో పెట్టుకుంటుండగా కంప్యూటరు టింగుమంది. పత్రిక కార్యాలయం నుంచి వచ్చిన యాంత్రికమైన ఉత్తరం. అచ్చుకి ముందు రచయితలందరూ విడివిడిగా ఒప్పుకోలు పత్రం నింపాలి. అది అందినప్పుడు వచ్చే రసీదు.

"మీ సవరణ అందింది. రచయితలిద్దరి ఒప్పుకోలూ అందింది. ధన్యవాదాలు."

ఇద్దరా?

ఆ పేపరు ఆమె ఒక్కర్తే రాసింది. సవరణతో పాటు పంపిన పత్రమూ తనదొక్కటే.

రసీదుకి జతచేసి ఉన్న రెండో పత్రం తెరిచింది. పేరు రాయాల్సిన చోట ఏమీ లేదు. పరిశోధనలో మీ పాత్ర ఏమిటి అన్న చోట "మొదటినుంచీ ఉన్నాను" అని ఉంది. ప్రస్తుత చిరునామా అన్న చోట ఆమె ఇంటి చిరునామా ఉంది. మూడో అంతస్తు, ఎడమవైపు తలుపు. ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆ చిరునామాలో ఎప్పటినుంచి ఉంటున్నారు అన్న గడిలో ఇవాళ్టి తేదీ. పక్కన సమయం, అయిదూ నలభై.