రేకులొచ్చేదాకా

వేసవి గాలివాన మంగినపూడి మీద పడి, పోలయ్య ఇంటి రేకులు రెండు ఎత్తుకుపోయింది. ఊరికే పోయిందా అంటే అదీ లేదు. ఆటో స్టాండులో కట్టిన ఆటోడ్రైవర్ అయ్యప్ప పుట్టినరోజు ఫ్లెక్సీని తెచ్చి ఆ ఇంటి ముందు పడేసి మరీ పోయింది. నల్ల కళ్లజోడు పెట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నిలువెత్తు అయ్యప్ప.

మర్నాడు పోలయ్య కూతురు కల్పన, బందరులో తను పనిచేసే బట్టల షాపుకి వెళ్లడానికి అయ్యప్ప ఆటో ఎక్కుతూనే అందుకుంది.

"ఏమండీ, మీ మొహం మా ఇంట్లో ఉంది."

అయ్యప్ప కీ తిప్పబోయి ఆగిపోయాడు. ఏడాదిగా ఆ పిల్లని అద్దంలో చూసుకుంటూ బండి తోలుతున్నాడు. "చిల్లర ఉందాండీ" తప్ప ఇంకో మాట నోట్లోంచి రాలేదు.

"ఇంట్లోనా?"

"రేకులు పోయినచోట మా నాన్న కట్టేశాడు. ఎండకి తెల్లవైపు పైకి, బొమ్మవైపు మాకు. అన్నం తింటుంటే మీరే, పడుకుంటే మీరే. మా అమ్మ సిగ్గుపడి పక్కింట్లో చీర మార్చుకుంటోంది."

అయ్యప్పకి తల కొట్టేసినట్టయింది. "విప్పేసి ఇచ్చెయ్యండి. టార్పాలిన్ పట్టా కొనిస్తాను."

"నాన్న ఇవ్వడు. రేకులొచ్చేదాకా ఉంచుతాడట."

అప్పట్నుంచి రోజూ ఓ ఫిర్యాదు. సాయంత్రమైతే వాన, తెల్లారితే కల్పన.

"నిన్న మళ్లీ మీ ముక్కు కారిందండీ. అక్కడే చిరిగింది. రాత్రంతా కింద గిన్నె పెట్టాం."

"జలుబేమోనండీ."

కల్పన పకపకా నవ్వింది. అయ్యప్పకి ఆ నవ్వు రోజంతా సరిపోయింది. కానీ రేకులొస్తే ఈ కబుర్లన్నీ ఆగిపోతాయని బెంగ పట్టుకుంది.

వచ్చేశాయి. పోలయ్య బందరులో కొని, "అయ్యప్పా, నీ ఆటో మీద కట్టరా" అన్నాడు. తన కొంప ముంచే సరుకుని అయ్యప్ప తనే మోసుకెళ్లాడు.

పోలయ్య నిచ్చెనెక్కాడు. అయ్యప్ప లోపలికెళ్లి తలెత్తి చూశాడు. ముక్కు దగ్గర చిరుగు, వల కుట్టే దారంతో సన్నగా, ముచ్చటగా కుట్టేసి ఉంది. ఆ కుట్టు మీద దుమ్ము కూడా పట్టింది.

"ఇది ఎప్పుడు కుట్టారండీ?" అనడిగాడు, వెనకే వచ్చి నిలబడ్డ కల్పనని.

"కారిన మొదటిరోజే."

"మరి రోజూ కారుతోందన్నారు?"

"చెప్పకపోతే మీరు చిల్లర అడిగి ఊరుకుంటారుగా" అంది కల్పన, గోడకేసి చూస్తూ.

ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే తనంత వెర్రివాడు ఉండడని అయ్యప్పకి తెలిసిపోయింది.

"మీరంటే ఇష్టమండీ నాకు. ఏడాది నుంచీ."

కల్పన బుగ్గలు ఎర్రబడ్డాయి. పైకి చూసి గట్టిగా అంది. "నాన్నా, ఫ్లెక్సీ విప్పకు. దాని మీదే రేకులు వేసెయ్."

పైన ముడి విప్పుతున్న చెయ్యి ఆగింది. సందులోంచి పోలయ్య మొహం కనిపించింది. కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు, కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"మనిషి కిందే ఉన్నాడు కదే, బొమ్మ దేనికి? మీ అమ్మని ఇంట్లోకి రానియ్యవా?"

ఫ్లెక్సీ జారి ఇద్దరి మీదా పడింది. అందులోంచే అయ్యప్ప గొంతు వినిపించింది.

"ఉండండి మావయ్యా, నిచ్చెన పట్టుకుంటాను."