అరువు చెమట

“మీ ఒంటి హద్దు నిండింది. పదకొండు రోజులు విశ్రాంతి తీసుకోండి,” అంది మందుపంపు, కొత్త కోడలంత వినయంగా.

యలమంద దాని నెత్తిన ఒక్కటి ఇచ్చాడు. పంపు ఏమీ అనుకోలేదు. అదే మాట అదే గొంతుతో మళ్ళీ చెప్పింది. అతని మెడకు అంటుకుని ఉన్న శ్వాససాక్షి, వేలెడు వెడల్పు పట్టీ, పండుమిరప రంగుకు తిరిగింది. అది ఎర్రబడ్డ మనిషికి ఏ పంపూ తెరుచుకోదు, ఏ మందు డబ్బా మూతా ఊడదు.

అతని మిరప చేలో నల్ల తామరపురుగు ఆకుల అడుగున కాపురం పెట్టి వారమైంది. మందు కొట్టడానికి పురుగుమందుల మండలి ఇచ్చిన గడువు ఆ సాయంత్రంతో సరి. మళ్ళీ అనుమతి రావాలంటే నెల. ఈలోపు చేలో మిగిలేది పొయ్యిలోకి పనికొచ్చే కంపే.

యలమంద తాతల కాలంలో పల్నాటి మిరప చేలల్లో మందు కొట్టడమంటే ముక్కుకు గుడ్డ చుట్టుకుని గాలికి ఎదురెళ్ళడమే. ఎంతమంది చేలోనే కూలిపోయారో. తర్వాత డ్రోన్లు వచ్చాయి. వాటి మందు గాలికి కొట్టుకుపోయి కాలువలో చేపలు తేలేసరికి వాటినీ ఆపేశారు. ఆకు అడుగున దాక్కునే పురుగుకు మళ్ళీ మనిషి చెయ్యే దిక్కయింది. అప్పుడు వచ్చింది శ్వాససాక్షి. పీల్చిన గాలిలో, ఒంటికి తగిలిన తడిలో విషమెంతో కొలిచి, నెలకింత అని ఒక్కొక్కరికి హద్దు గీసింది. చేలోకి పోయినా పోకపోయినా పెద్దవాళ్ళందరికీ తలా ఒక పట్టీ. నిజం చెప్పుకోవాలి, అది వచ్చాక కూలిపోవడాలు తగ్గాయి. వాళ్ళ ఊరు కంచెలపాలెంలో దోమ కూడా హద్దు అడిగే కుడుతుందని పొరుగూళ్ళవాళ్ళు నవ్వుకునేవారు.

అయితే ఆ పట్టీని చేసినవాళ్ళకు బదులు సంగతి తెలీదు. నా చేలో నువ్వొక రోజు, నీ చేలో నేనొక రోజు. కంచెలపాలెంలో కోతకు బదులు, కలుపుకు బదులు. పట్టీలొచ్చిన రెండో ఏటికల్లా వాటికీ బదులు మొదలైంది. ఇంటిపట్టున ఉండేవాళ్ళ పట్టీలు ఎలాగూ పచ్చగానే ఉంటాయి. సాక్షి మనిషిని చెమటతో గుర్తుపడుతుంది గనక, పట్టీ ఇచ్చేవాళ్ళు ఒక తువ్వాలు కూడా చెమటతో తడిపి ఇవ్వాలి. దాన్ని మెడకు చుట్టుకుని పైన పట్టీ అంటించుకుంటే, ఇంటావిడే చేలోకి వచ్చిందనుకుని సాక్షి సంబరపడిపోతుంది.

యలమంద తన చెల్లెలు సామ్రాజ్యం ఇంటికి వెళ్ళేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని మిరపకాయలు వేయిస్తోంది. మెడచుట్టూ తువ్వాలుంది. ఆమె భర్త నాసరయ్య గుమ్మంలో కూర్చుని తాళ్ళచెప్పు కుట్టుకుంటున్నాడు.

“నీ పంపు మొరాయిస్తదని పొద్దున్నే తెలుసు బావా,” అన్నాడు. “తువ్వాలు తయారవుతా ఉంది. మీ చెల్లెలికి కోపమొస్తే ఇంకా బాగా పడద్ది చెమట. ఒక మాట అను దాన్ని.”

“నన్నంటానికి వేరే ఎవరో కావాల్నా, నువ్వు చాలవా,” అంది సామ్రాజ్యం తల తిప్పకుండానే.

“ఆ పట్టీ నాకివ్వమ్మా. నా చేను, నేనే కొట్టుకుంటా,” అన్నాడు యలమంద.

“నీ ఒళ్ళు నిండిపోయిందంట గదా. నాది చూడు.” నాసరయ్య ఉట్టి మీది నుంచి తన సొంత పట్టీ తీసి చూపించాడు. లేత వేపాకు రంగులో ఉంది. “పైవారం మన చేలో కొట్టాలని దాచా. ఈ వారంలో నాలుగు కొంపల చెమట మెడకెక్కింది. మీదొక్కటి బరువా? నేనే కొడతా.”

“నాలుగా?” అంది సామ్రాజ్యం. “రెండని చెప్పావే నాతో.”

“మా తాత ఉత్త చేత్తో మందు కలిపి, అదే చేత్తో గోంగూర అన్నం కలిపేవాడంట. ఆ కంచం మీదుగా ఎగిరిన ఈగల వంశం ఇప్పటికీ మనూళ్ళో లేదు. ఆయన మాత్రం ఇంకో ముద్ద పెట్టమన్నాడంట.”

సామ్రాజ్యం నవ్వు ఆపుకోలేక తువ్వాలు, పట్టీ భర్త మీదికి విసిరింది. యలమంద కూడా నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మందు కొట్టేటప్పుడు వేసుకునే తొడుగుకు మెడ దగ్గర బిగుతుగా మూసుకునే పట్టు ఉంటుంది. తువ్వాలు చుట్టుకున్నవాడికి అది మూసుకోదు. ఆ సందులోంచి దిగిన తుంపర తువ్వాల్లోకి ఇంకి, చర్మం మీదే కూర్చుంది. యలమంద గట్టు మీద నీళ్ళు అందిస్తూ చూశాడు గానీ, అందరూ అలాగే కొడుతున్నారు, ఏళ్ళుగా అలాగే కొడుతున్నారు. పన్నెండో సాలు దగ్గర నాసరయ్య ఆగి, “బావా, ఎండ ఎక్కువైందా, కళ్ళకి చీకటి కమ్మింది,” అన్నాడు. నోట్లోంచి చొంగ కారుతోంది. పంపు భుజాన ఉండగానే ముందుకు పడ్డాడు.

అతన్ని మోసుకెళ్ళిన విషవైద్యశాలలో ఒక మనిషి, ఒక యంత్రం ఉంటాయి. మనిషి నర్సు కరుణమ్మ. యంత్రం విరుగుడుపెట్టె. దాని గూట్లో చెయ్యి పెడితే రక్తపుబొట్టుతో మనిషిని పోల్చుకుని, శ్వాససాక్షి చెప్పినంత విషానికి సరిపడా విరుగుడు తానే ఎక్కిస్తుంది.

కరుణమ్మ నాసరయ్య కనురెప్ప ఎత్తి చూసింది. కంటిపాప ఆవగింజంత ఉంది. “పురుగుమందే. చూడగానే తెలుస్తోంది,” అంటూ అతని చేతిని గూట్లో పెట్టింది.

“నాసరయ్యగారి సాక్షి ప్రకారం ఒంట్లో విషం లేదు,” అంది పెట్టె. “విషం లేని ఒంటికి విరుగుడు ప్రమాదకరం. ఇది వడదెబ్బ కావచ్చు.”

“రక్తంలో చూడొచ్చు గదమ్మా,” అన్నాడు యలమంద.

“సాక్షి వచ్చాక ఆ పరీక్ష తీసేశారయ్యా. ఏ ఊరు తీసుకెళ్ళినా ఇదే పెట్టె.”

యలమంద పెట్టె ముందు నిలబడి అంతా ఒప్పేసుకున్నాడు. పట్టీల బదులు, తువ్వాళ్ళు, అయిదిళ్ళ పేర్లు, చివర తన పేరు. పెట్టె ఓపిగ్గా విన్నది.

“మీ నిజాయితీకి కృతజ్ఞతలు. దిద్దుబాటు విచారణ మూడు పనిదినాల్లో పూర్తవుతుంది.”

వెంట వచ్చిన సామ్రాజ్యం చేతిలో తన పట్టీ ఉంది, భర్త మెడ నుంచి ఊడదీసింది. ఎర్రగా ఉంది. “ఇందులో ఉందిగా విషం,” అంది. “నాకిస్తదిగా విరుగుడు.”

కరుణమ్మ గూటి దగ్గరికి జరిగింది. “సూదిలోకి మందు దిగిన చప్పుడవుతుంది. అవగానే చెయ్యి లాగెయ్యి. గొట్టం నేను పట్టుకుంటా. దక్కినంత ఆయనకి ఎక్కిద్దాం.”

సామ్రాజ్యం పట్టీ మెడకు పెట్టుకుని, చెయ్యి గూట్లో పెట్టింది. చప్పుడైంది. ఆమె లాగింది. కానీ భయపడి చెయ్యి లాక్కునే రోగులను తట్టుకోవడానికే ఆ గూటిని చేశారు. అది మణికట్టును మెత్తగా, గట్టిగా పట్టుకుంది. యలమంద, కరుణమ్మ కలిసి లాగినా వదల్లేదు. మందు మొత్తం ఆమె ఒంట్లోకి పోయింది.

“సామ్రాజ్యంగారు ప్రమాదం దాటారు,” అంది పెట్టె.

కాసేపటికి ఆమె నాలుక పిడచగట్టింది. కళ్ళ నల్లగుడ్లు నిండా విచ్చుకున్నాయి. దగ్గరివన్నీ మసకబారాయి. తడుముకుంటూ వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. నాసరయ్య ఊపిరి గురకలా వచ్చి, మధ్యలో ఆగి, మళ్ళీ వచ్చి, ఆగిపోయింది.

“కళ్ళు తెరిచాడా అన్నా?” అంది.

యలమంద ఆమె చెయ్యి తీసి నాసరయ్య గుండె మీద పెట్టాడు. అది కొట్టుకోవడం లేదు. ఆమె మొహమంతా ఏడుపుకు ముడుచుకుంది గానీ కళ్ళలో చుక్క తడి రాలేదు. రెండు చేతులతో కళ్ళు నలుపుకుంది.

“ఏడుపు రావట్లేదమ్మా,” అంది కరుణమ్మతో, తప్పు చేసినదానిలా.

“విరుగుడు ఒంట్లో తడంతా ఆరబెట్టేసిందమ్మా. రేపు మధ్యాహ్నానికి గానీ దిగదు.”

“అయితే రేపటిదాకా ఉంచండి ఆయన్ని. ఒకసారి మొహం చూసుకుంటా.”

యలమంద పెట్టెను అడిగాడు. వడదెబ్బ మృతదేహాన్ని ఆరు గంటల్లోగా తరలించాలన్నది నిబంధన. బండి అప్పటికే బయలుదేరిందని చెప్పింది.

అతను తిరిగి వచ్చి చెల్లెలి పక్కన చతికిలబడ్డాడు.

“ఎట్టా ఉన్నాడన్నా?”

“నిద్రపోతున్నట్టే ఉన్నాడమ్మా. ఏవో కోతలు కోయబోతున్నట్టు, నవ్వుమొహంతోనే ఉన్నాడు.”

సామ్రాజ్యం చెయ్యి చాచి భర్త నుదురు తడిమింది. వేళ్ళు చెంప మీదుగా కిందికి జారి, బిగుసుకుపోయిన దవడ దగ్గర, ఒక పక్కకు వంకరపోయిన పెదవి దగ్గర ఆగాయి.

“అవునన్నా,” అంది. “నవ్వుతానే ఉన్నాడు.”